తన తోక తన పొట్టలోనే

చదివేవాళ్ళు ముందుగా నన్ను మన్నించాలి. నాకు అక్షరాలు మా ఆయన పోయాక వచ్చాయి. ఎక్కడైనా ఒత్తులు జారిపోయి ఉంటే మీరే ఎత్తి పెట్టుకోండి. నేను నెమ్మదిగా రాస్తాను గనక కథ కూడా నెమ్మదిగా జరిగిందనుకోకండి. అది పరుగెత్తింది. రొప్పుతూ వెనక పడింది నేనే.

ఆ శనివారం పొద్దున ఆర్డిత్ క్రుగర్ వేసుకున్న పథకంలో కష్టమైనదేమీ లేదు. బంగాళదుంపలు ముందురోజే ఉడికించి, మెత్తగా మెదిపి, వెన్న కలిపి చల్లారబెట్టింది. పొద్దెక్కాక జనరేటర్ వెయ్యాలి. కరెంటు పెనం కాలేలోగా దుంపల ముద్దలో పిండి కలపాలి. గుడ్డలా పల్చగా వత్తి, ఒక్కొక్కటే కాల్చి, సాయంత్రం నాలుగింటికి లెఫ్సా రొట్టెలు బల్ల మీద పెట్టాలి. అంతే.

నార్త్ డకోటా చలికి దడిసి ఏటా జనవరిలో అరిజోనా ఎడారికి వచ్చి, రాళ్ళ నేల మీద బండ్లు ఆపుకుని కాపురం పెట్టే జనానికి ఆ విందు పెద్ద పండగ. అక్కడ కరెంటు స్తంభం ఉండదు, కుళాయి ఉండదు. ఎవరి నీళ్ళు వాళ్ళవి, ఎవరి దీపం వాళ్ళది. కానీ వెన్న రాసి, చక్కెర చల్లి చుట్టిన ఆ రొట్టె చేతిలో పడితేగాని అక్కడెవరికీ కొత్త సంవత్సరం మొదలవదు. మొదటి నుంచీ ఆ రొట్టెలు ఆర్డితే కాలుస్తోంది. జనరేటర్ సంగతి మాత్రం ఆమె భర్త ఎల్‌రాయ్ చూసుకునేవాడు. ఎల్‌రాయ్ లేకుండా ఆమె ఎడారికి రావడం ఇదే మొదలు.

"ఏం వదినా, ముసలి గుర్రం లేచిందా, లేపాలా?" అంటూ, ఆమె జనరేటర్ వైపు గడ్డం ఎగరేస్తూ, కాఫీ కప్పుతో వచ్చాడు డ్వేన్. అతను ఎల్‌రాయ్ తమ్ముడు. పక్కనే, అంగడిలో అద్దం బీరువాలా మెరిసిపోతూ నిలబడ్డ పెద్ద బండి అతనిది.

"గుర్రం ఎప్పుడో సిద్ధం డ్వేన్. ముసలాళ్ళే ఇంకా కాఫీ దగ్గరున్నారు."

"కోపమెందుకు? తాళంచెవి గుర్తుందిగా అని అడుగుదామని వచ్చా."

గుర్తులేకేం? ముందురోజు రాజుకున్న గొడవే అది. చలిమంట చుట్టూ అందరూ కూర్చుని ఉండగా డ్వేన్ పొట్ట నిమురుకుంటూ తీర్పు చెప్పాడు. "ఎడారిలో కరెంటు పుట్టించుకోవడం ఒంటి ఆడమనిషి వల్ల అయ్యే పని కాదు వదినా. ఆ డొక్కు బండి అమ్మెయ్. చలికాలం మా బండిలో ఉందువుగాని. మూలన సోఫా ఉంది."

"ఆ సోఫా మీద మీ కుక్క పడుకుంటుందిగా?"

"సర్దుకుంటుందిలే."

"ఎవరు, కుక్కా, నేనా?"

అందరూ నవ్వారు. నవ్వితే డ్వేన్‌కు ఒళ్ళు మండుతుంది. "సరే అయితే, పందెం! రేపు నాలుగింటికల్లా నీ సొంత కరెంటుతో రొట్టెలు కాలి బల్ల మీదకి వస్తే, ఇక నీ జోలికి రాను. రాకపోతే నీ బండి తాళంచెవి నా చేతిలో పెడతావు. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు" అన్నాడు.

ఆర్డిత్ లేచింది. బండి తాళంచెవికి బూటు తాడు కట్టి, విందు పెద్ద అయిన గేలెన్ మెడలో దండలా వేసింది. "నీ దగ్గర ఉంచు గేలెన్. రేపు నాలుగింటికి ఎవరు గెలిస్తే వాళ్ళకియ్యి."

గేలెన్ ఎనభై దాటినవాడు. చెవిలో మిషను పెట్టుకున్నా తనకు కావలసిందే వింటాడు. ఆ మాట మాత్రం విన్నాడు.

ఆ డొక్కు బండిని ఆర్డిత్ ఎలా ఎంచుకుందో చెప్పకపోతే ఈ కథ కుదరదు. ఎల్‌రాయ్ పోయిన మరుసటి శరత్కాలంలో, లాక్కెళ్ళే ట్రైలర్ తన వల్ల కాదని, నడిపేచోటా నిద్రపోయేచోటా ఒకటే అయిన ఆర్వీ కొంటానని బయల్దేరింది. డ్వేన్ వెంటబడి పెద్ద పెద్ద షాపులన్నీ తిప్పాడు. చంకలో కరెంటు పెనం పెట్టుకుని ఆమె, చేతిలో కాగితాలు పట్టుకుని అతను. అమ్మేవాళ్ళు సోఫాలు చూపించారు, గోడలో మండే ఉత్తుత్తి మంట చూపించారు, కప్పులోంచి దిగే టీవీ చూపించారు.

ఆర్డిత్ అన్నీ ఓపిగ్గా చూసి ఒకటే అడిగేది: "పెనం కాలుతుందా?"

"అమ్మా, ఇందులో ఎండతో నిండే బ్యాటరీలున్నాయి. జనరేటర్ గోలే లేదు" అన్నాడొక కుర్రాడు, కొత్త చిన్న బండి చూపిస్తూ. ఆర్డిత్ పెనం పెట్టింది. మూడు రొట్టెలు కాలేసరికి బండిలో దీపాలు కంటతడి పెట్టి ఆరిపోయాయి. ఇంకోచోట జనరేటర్ ఉంది కానీ బండి రైలంత పొడుగుంది. "దీన్ని తిప్పాలంటే పక్క జిల్లాకి వెళ్ళాలి" అని దిగిపోయింది. చివరికి ఒక ముసలి గోధుమ రైతు కొట్టం పక్కన గోధుమరంగు చారల బండి కనబడింది. డ్వేన్ ముక్కు మూసుకున్నాడు. ఆమె లోపలికెళ్ళి, గిన్నెలు తోమే తొట్టి పక్కనున్న మీట నొక్కింది. బండి కిందెక్కడో జనరేటర్ దగ్గింది, ఉమ్మింది, గుర్రుమని లేచింది. పెనం పెట్టగానే దాని గొంతు బరువుగా కిందికి దిగింది, సంచీ ఎత్తుకున్న కూలివాడిలాగా. పర్సులోంచి పిండిముద్ద తీసి అక్కడికక్కడే ఒక రొట్టె కాల్చి రైతు చేతిలో పెట్టింది.

రైతు తింటూనే రెండు ముక్కలు చెప్పాడు. "ఇది పాతకాలపుదమ్మా. దీనికంతట దానికి తెలివి లేదు. ఈ పక్క డబ్బాలో లావుపాటి తీగ ఉంది చూడు, అది దీని తోక. బయట కరెంటు ఇచ్చేవాళ్ళుంటే తోక బయట గుచ్చు. లేకపోతే డబ్బా లోపలే, జనరేటర్ పక్కనున్న బెజ్జంలో గుచ్చు. తన తోక తన పొట్టలోనే. అది మర్చిపోతే జనరేటర్ ఎంత అరిచినా నీకు చుక్క కరెంటు రాదు. రెండోది, పెట్రోలు పావు ట్యాంకుకి దిగితే జనరేటర్ తనే ఆగిపోతుంది. ఏ బండికైనా అంతే. ఇంటికి పోడానికి మిగలాలి కదా."

"తన తోక తన పొట్టలోనే. పావు మిగలాలి" అని అప్పగించుకుని ఆర్డిత్ బండి కొనేసింది. డ్వేన్ ఆ మాటలేవీ వినలేదు. అతను అప్పటికే కారులో కూర్చుని హారన్ కొడుతున్నాడు.

మళ్ళీ శనివారానికొద్దాం. ఆర్డిత్ శుక్రవారమే తోకను పొట్టలో గుచ్చి, జనరేటర్ వేసి, పెనం కాల్చి చూసుకుంది. అంతా సవ్యంగానే ఉంది. ఆ తోక డబ్బా బండికి ఎడమ పక్కన, డ్వేన్ బండి వైపు ఉంటుంది. ఆమె తలుపేమో కుడి పక్కన. కాబట్టి కాఫీ తాగి వెనుదిరిగిన డ్వేన్ అక్కడ ఆగడం ఆమెకు కనబడలేదు.

డ్వేన్ డబ్బా మూత ఎత్తి చూశాడు. చూసి కడుపు పట్టుకుని నవ్వాడు. బండి తీగ బండికే గుచ్చి ఉంది! వాళ్ళ ఊళ్ళో చలికాలం వస్తే ప్రతి కారు ముక్కులోంచీ ఒక తీగ వేలాడుతుంది. రాత్రంతా దాన్ని ఇంటి గోడకు గుచ్చి ఉంచకపోతే తెల్లారేసరికి ఇంజను గడ్డకట్టి చస్తుంది. వేలాడే తీగ కనబడితే గోడ వెతకడం నార్త్ డకోటావాడికి ఉగ్గుపాలతో వచ్చిన బుద్ధి. తీగ కారుకే తిరిగి గుచ్చి ఉండటం డ్వేన్ పుట్టి బుద్ధెరిగి చూడలేదు. "పాపం, తన తోక తనే తింటోంది! ఈ మనిషికి కరెంటంటే ఏంటో కూడా తెలీదు" అనుకున్నాడు.

తీగ పీకాడు. తన బండి బయటి గోడకున్న బెజ్జానికి అతుకు ముక్క పెట్టి గుచ్చాడు. అందులో జాలి సగం. మిగతా సగం ఏమిటంటే, సరిగ్గా నాలుగింటికి అందరి ముందూ లేచి "ఈ రొట్టెలు కాలింది నా కరెంటుతో" అని చెప్పాలన్న ముచ్చట. మూత ముయ్యడం కూడా మర్చిపోలేదు.

తర్వాత తన బండిలోకెళ్ళి, మీట నొక్కితే వెల్లకిలా పడుకోబెట్టే కుర్చీలో చేరి, కాళ్ళు చాపి, ఫుట్‌బాల్ ఆట పెట్టుకున్నాడు. ఫోను దూరంగా, వంటగట్టు మీద ఉంది. అతని భార్య మార్లిస్ అప్పటికే కుక్కను తీసుకుని ఆర్డిత్‌కు సాయం వచ్చేసింది.

"అక్కా, మీ మరిది నవ్వుకుంటూ లోపలికెళ్ళాడు. నాకు భయంగా ఉంది" అంది మార్లిస్.

"నవ్వనీ. నాలుగింటికి చూద్దాం" అంటూ ఆర్డిత్ మీట నొక్కింది. జనరేటర్ దగ్గి, ఉమ్మి, లేచింది. పెనం పెట్టింది. కాలింది. కానీ జనరేటర్ గొంతు దిగలేదు. పనీపాటా లేనివాడు ఈల వేసినట్టు హాయిగా పాడుతోంది.

"ఇవాళ బరువే తెలియట్లేదు చూశావా దీనికి? ఎడారి గాలి పడింది" అంది ఆర్డిత్ గర్వంగా.

అక్కడే ఆమె తప్పటడుగు వేసింది. చెవి చెప్పిన మాట గర్వం వినలేదు.

రొట్టెలు పేరుకుంటున్నాయి. మార్లిస్ వత్తుతుంటే ఆర్డిత్ పొడవాటి చెక్కబద్దతో తిప్పుతోంది. గుడ్డ కింద మడతలు పెరిగేకొద్దీ ఆమెకు ధైర్యం కూడా పెరిగింది. కిటికీలోంచి తల బయటపెట్టి, "మాంసం ఉండల కుండలు వేడి చేసుకోవాలన్నవాళ్ళు పట్రండి! నా జనరేటర్ ఇవాళ ఆకలి మీదుంది!" అని కేకేసింది. ఆడవాళ్ళు కరెంటు కుండలు పట్టుకొచ్చారు. ఒకటి బల్ల మీద, ఒకటి మంచం మీద, ఒకటి డ్రైవర్ సీట్లో బెల్టు కట్టించుకుని కూర్చుంది. గేలెన్ తాళంచెవి దండతోనే వచ్చి చెవి మిషను చార్జింగ్‌కు పెట్టుకుని పోయాడు.

పక్కనే డ్వేన్ బండి బ్యాటరీలు నీరసించాయి. అది తెలివైన కొత్త బండి కదా, నీరసం రాగానే దాని జనరేటర్ దానంతటదే లేచింది. డ్వేన్ టీవీ గొంతు పెంచాడు. ఆ తెలివైన బండిలో డీజిల్ పావు ట్యాంకుకు ఇంకాస్త పైన మాత్రమే ఉంది. పట్నం వెళ్ళి పోయించుకు రమ్మని మార్లిస్ సోమవారం నుంచీ చెబుతూనే ఉంది. అంత బండిని కదిలించడం బద్ధకమై డ్వేన్ రేపు రేపంటూ ఆ రేపును శనివారం దాకా లాక్కొచ్చాడు.

రొట్టెలు సగానికి పైగా అయ్యాయి. అప్పుడు పెనం ఎర్రదీపం ఆరిపోయింది. కుండలు చల్లబడ్డాయి. చెవి మిషను మూగబోయింది. కానీ ఆర్డిత్ జనరేటర్ మాత్రం ఈలపాట ఆపలేదు.

ఎడారిలో ఒక ఆచారం ఉంది. ఏ బండికి ఏ మూత ఎత్తినా, ఎక్కడెక్కడి మగాళ్ళూ చక్కెర చూసిన చీమల్లా వరసకడతారు. ఆర్డిత్ జనరేటర్ మూత ఎత్తిందో లేదో, గుంపు తయారు. ఒకాయన వాసన చూశాడు. ఒకాయన అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"అరుస్తోంది గానీ కరెంటు రావట్లేదంటే లోపల రాగితీగ చుట్టలు కాలిపోయినట్టే."

"చుట్టలు కావు, ఎలకలు. మా బావమరిది బండిలో ఇలాగే గూడు పెట్టాయి."

"మీ బావమరిది బండిలో జనరేటరే లేదుగా!"

"అందుకే అంత పెద్ద గూడు పెట్టాయి!"

గేలెన్ చేతిగడియారం చూసుకున్నాడు. మూడు దాటింది. "ఆర్డితమ్మా, మర్యాదగా ఒప్పేసుకో. వయసు మీదపడ్డ బండి. నువ్వు మాత్రం ఏం చేస్తావు?" అంటూ మెడలోని తాడు తీయబోయాడు.

"చెయ్యి దించు గేలెన్. పెనం చల్లారింది. నేను చల్లారలేదు."

"అది కాదమ్మా..."

"నాలుగు కొట్టిందా?"

"లేదు."

"అయితే ఆ తాళంచెవి నీ మెడలోనే ఉండాలి. అందరూ నోళ్ళు మూసుకోండి. ముందు దీని నోరు మూస్తా." లోపలికెళ్ళి జనరేటర్ ఆపేసింది.

ఒక్కసారిగా ఎడారంతా నిశ్శబ్దమైంది. ఆ నిశ్శబ్దంలో ఎక్కడినుంచో సన్నగా ఒక గొంతు వినబడింది.

"మార్లీస్! ఎవరైనా ఉన్నారా! మనిషి చచ్చిపోతున్నాడు!"

"మా ఆయనే. చచ్చేంత గొంతు కాదులే, ఆకలి గొంతు" అంది మార్లిస్ చెయ్యి తుడుచుకుంటూ.

ఆర్డిత్ అటు వెళ్ళలేదు. పొద్దున్నుంచీ చెవిలో మెదులుతున్న మాట ఇప్పుడు పైకి తేలింది. గొంతు ఎందుకు దిగలేదు? సంచీ ఎత్తుకోని కూలివాడు కదూ ఈల వేసేది! ఎడమ పక్కకు నడిచి డబ్బా మూత ఎత్తింది. పొట్టలో బెజ్జం ఖాళీ. తోక డబ్బాలోంచి జారి, నేల మీదికి దిగి, రాళ్ళ మధ్యనుంచి పాములా పోతోంది. ఆమె వంగి తీగను చేత్తో పట్టుకుని దాని వెంట నడిచింది. ఆమె వెనక మార్లిస్, మార్లిస్ వెనక కుక్క, కుక్క వెనక గేలెన్, గేలెన్ వెనక కాఫీ కప్పులతో మగాళ్ళు. ఊరేగింపు డ్వేన్ బండి గోడ దగ్గర ఆగింది.

తలుపు తీస్తే లోపల చీకటి. డీజిల్ పావుకి దిగి జనరేటర్ ఆగిపోయింది, బ్యాటరీలూ చచ్చాయి. కుర్చీ పూర్తిగా వెనక్కి వాలి, కాళ్ళ బల్ల పూర్తిగా పైకి లేచి, మధ్యలో డ్వేన్ తిరగబడ్డ తాబేలులా ఉన్నాడు. కొత్తగా మార్పించుకున్న మోకాలు ఒకవైపు దిగనివ్వదు. గోడ ఇంకోవైపు దిగనివ్వదు. పొట్ట ఎటూ దిగనివ్వదు.

"డ్వేన్, నా బండి తోక నీ గోడలో ఏం చేస్తోంది?" అంది ఆర్డిత్.

"ముందు నన్ను లేపు వదినా! ఆట ఆఖర్లో కరెంటు పోయింది. గొంతు చించుకుని అరుస్తున్నా, నీ జనరేటర్ మోతకి ఒక్కడూ వినలేదు!"

"అడిగినదానికి చెప్పు."

"నీ తీగ నీకే గుచ్చి ఉంటే చూసి, పాపమని సాయం చేశా."

"సాయం చేసినవాడివి మూత ఎందుకు మూశావు?"

డ్వేన్ పైకప్పు వైపు చూశాడు. ఆ భంగిమలో అతను చూడగలిగింది అదొక్కటే. ఉన్నట్టుండి అతని ముఖం వెలిగింది. "అయితే ఇంతసేపూ కాలిన రొట్టెలన్నీ నా కరెంటుతోనే! గేలెన్, విన్నావా? పందెం నాదే! తాళంచెవి ఇలా తే!" అంటూ పడుకునే చెయ్యి చాపాడు.

గుంపు ఇటు చూసింది, అటు చూసింది. గేలెన్ గడ్డం గోక్కున్నాడు. "కాలినవి డ్వేన్ కరెంటువే. అవి లెక్కలోకి రావు ఆర్డితమ్మా. న్యాయం న్యాయమే."

"రాకూడదు. నేనూ ఒప్పుకోను వాటిని" అంది ఆర్డిత్. "పిండి ఇంకా కొంచెం ఉంది. నాలుగింటికి ఇంకా టైముంది."

"వదినా, అది సరే గానీ, నన్ను... నీ జనరేటర్ నుంచి ఇటు ఒక తీగ లాగితే ఈ కుర్చీ లేస్తుందిగా?"

ఆర్డిత్ తల అడ్డంగా ఊపింది. "అంత బ్యాటరీలు నింపుతూ పెనం కూడా మొయ్యమంటే నా ముసలి గుర్రం మొయ్యలేదు డ్వేన్. నువ్వేగా అన్నావు ముసలిదని. ముందు పెనం. తర్వాత కుర్చీ."

"వదినా!"

"సర్దుకో. కుక్క సర్దుకుంటుందన్నావుగా?"

ఆమె గోడలోంచి తోక పీకి, ఈడ్చుకుంటూ వచ్చి, అందరూ చూస్తుండగా బండి పొట్టలో గుచ్చింది. మగాళ్ళలో ఒకాయన "ఎక్కడైనా బండిని బండికే గుచ్చుతారా?" అన్నాడు. మార్లిస్ వెనక్కి తిరిగి చూసిన చూపుకు మిగతా మాట కాఫీలో కలిసిపోయింది. ఆర్డిత్ మీట నొక్కింది. దగ్గింది, ఉమ్మింది, లేచింది. పెనం పెట్టింది. గొంతు బరువుగా, గంభీరంగా కిందికి దిగింది.

"అదీ!" అంది ఆర్డిత్.

మిగిలిన పిండి కొంచెమే. వత్తడంలో మార్లిస్ చెయ్యి, తిప్పడంలో ఆర్డిత్ చెయ్యి రెండూ పోటీ పడ్డాయి. నాలుగు కొట్టేసరికి బల్ల మీద రెండు పళ్ళాలున్నాయి. ఒకదానిలో డ్వేన్ కరెంటు రొట్టెలు గుట్టగా ఉన్నాయి, ఇంకోదానిలో ఆర్డిత్ కరెంటు రొట్టెలు పల్చగా. విచిత్రమేమిటంటే అందరూ పల్చటి పళ్ళెం మీదే పడ్డారు. ఒక్కొక్కరికి అరచేతిలో పట్టేంత ముక్క వచ్చింది. గేలెన్ తన ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసి నమిలి, మెడలోని తాడు తీసి ఆర్డిత్ మెడలో వేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. చెవి మిషను లేకపోయినా తనకు కావలసింది మాత్రం వినే గేలెన్ కూడా నవ్వాడు.

డ్వేన్‌ను ఆమె మర్చిపోలేదు. గుట్ట పళ్ళెం తీసుకెళ్ళి అతని పొట్ట మీద పెట్టింది. "నీ కరెంటువి. అన్నీ నీవే."

డ్వేన్ పడుకునే మూడు తిన్నాడు. నాలుగోదాని దగ్గర, "బాగున్నాయి వదినా" అన్నాడు చిన్నగా. ఆ తర్వాతే ఆమె ఇటునుంచి తీగ లాగింది. ముసలి జనరేటర్ గొంతు ఇంకో మెట్టు దిగింది. కుర్చీ మూలుగుతూ, డ్వేన్‌ను కొంచెం కొంచెంగా లేపి, అతని వదిన ఎదురుగా నిటారుగా కూర్చోబెట్టింది.

ఆదివారం డ్వేన్ పట్నం వెళ్ళి డీజిల్ పోయించుకొచ్చాడు. అదే రోజు ఆర్డిత్ తోక డబ్బాకు ఒక తాళం వేసి, దానికి తాళంచెవులు బోలెడు చేయించి, డ్వేన్‌కు తప్ప ఆ ఎడారిలో అందరికీ తలా ఒకటి పంచిపెట్టింది.

ఈ కథ రాసింది హెర్మీనియా ట్రెవిన్యో, డెబ్బై ఆరేళ్ళు. ఇప్పుడు ఉండేది యూమాలో, పెద్దకూతురి పెరట్లో ఆపిన చిన్న ట్రైలర్‌లో.